జామపండు లోపలి రంగు

జూలై 20, ఆదివారం

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి పెలికాన్ వీధి పదిహేడో నంబరు ఇంట పిడి విరిగిన నీలం కప్పును పిడి ఉన్న కప్పుతో సమానంగా గౌరవించవలెను. స్నానాల గదిలోని సబ్బు అరిగి గోరంత అయినప్పటికీ దానిని సబ్బు అనియే పిలువవలెను. పొరుగింటి పిల్లికి మా వంటింటి కిటికీలో కూర్చొనుటకు అనుమతి గలదు, చట్టి వైపు చూచుటకు లేదు. మరియు అతి ముఖ్యముగా, ఆవరణలో ఇటుకల మీద నిలిచియున్న వాహనమును ఎవ్వరూ "చేపల డబ్బా" అనరాదు. అన్నవారికి ఈ ఇంట టీ పోయబడదు. ఇట్లు, మెర్విన్ ఫీలాండర్, వయసు నలభై ఎనిమిది, చదువు ఆరు, వృత్తి చేపలు.

యావన్మంది అంటే నేనూ, పిల్లీ. పిల్లికి చదువు రాదు.

ఈ నోటుపుస్తకం లీజెల్‌ది. పదకొండో తరగతి భూగోళం. ముందు సగం నిండా గాలులు ఎటు వీస్తాయో బాణం గుర్తులు వేసుకుంది. వెనక సగం ఖాళీగా వదిలేసి వెళ్ళింది. ఏప్రిల్‌లో వెళ్ళింది, వాళ్ళమ్మ దగ్గరికి, స్ట్రాండ్‌ఫాంటేన్‌కి. షరీన్ నన్ను వదిలి క్లిఫర్డ్‌ని చేసుకుని తొమ్మిదేళ్ళు. అప్పుడు కూడా పిల్ల నా దగ్గరే ఉంటానంది. అలాంటి పిల్ల వెళ్ళింది. ఇక్కణ్ణుంచి కారులో పది నిమిషాలు. కారు లేనివాడికి అది పరాయి దేశం.

ఇప్పుడు కారు ఉంది. పాత గోల్ఫ్. ఒక రిటైరైన టీచరమ్మ షెడ్డులో పెట్టి మరచిపోయింది, నేను కొన్నాను. టైర్లు మట్టిలో కలిశాయి, రంగు ఒకప్పుడు తెలుపు. తాళం తిప్పితే ముసలాడిలా దగ్గి ఊరుకుంటుంది. నా జీవితంలో మొదటి కారు.

ఇరవై రెండేళ్ళు చేపల బండి వెనక కూర్చుని బూర ఊదాను. వెనక్కి తిరిగి కూర్చుంటాం కదా, ఇరవై రెండేళ్ళూ వెళ్ళిపోయిన రోడ్డునే చూశాను. రాబోయే రోడ్డు ఎలా ఉంటుందో ఇప్పుడు చూడాలి.

జూలై 21, సోమవారం

పనినుంచి వచ్చి అందులో కూర్చున్నాను. అంతే. గంటసేపు.

జూలై 27, ఆదివారం

లీజెల్ ఫోన్ చేసింది.

కాల్క్ బే రేవులో ఉన్నాను. ఉదయం తొమ్మిది. "నాన్నా, కారు కొన్నావట గదా. అక్టోబరు పదిన మెట్రిక్ బాల్. హాలుకి నన్ను నువ్వే తీసుకెళ్ళు. గౌను జామపండు రంగు. లోపలి రంగు. ఎవరికీ చెప్పకు" అంది. పెట్టేసింది.

పన్నెండో తరగతి అయిపోయే పిల్లకి ఆ డాన్సు విందు రోజు పెళ్ళికంటే పెద్ద రోజు. ఇంటి నుంచి కారెక్కేదాకా వీధి వీధంతా నిలబడి చూస్తుంది. గౌను రంగు కుట్టే ఆవిడకీ, కట్టుకునే పిల్లకీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. స్నేహితురాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా చెప్పరు. అలాంటిది నాకు చెప్పింది.

ఎవరికీ చెప్పకు అంది కాబట్టి ఇద్దరికే చెప్పాను. ఎదురింటి గలీమా ఆంటీకి, పక్కింటి ఇగ్‌షాన్ అన్నకి. గలీమా ఆంటీకి చెప్పాక ఇద్దరు అనే లెక్క నిలవదు. అది నా తప్పు కాదు.

ఆవిడ గేటు దగ్గరే నిలదీసింది. "ఒరేయ్ మెర్విన్, ఇది కూడా టీవీ వార్తల్లాంటిదేనా?"

"మా అమ్మ మీద ఒట్టు ఆంటీ."

"మీ అమ్మ పోయి పన్నెండేళ్ళు. నీ ఒట్లు వినీ వినీ ఆవిడకి సమాధిలో కూడా నిద్ర లేదు."

టీవీ వార్తల సంగతి రాయాల్సిన పని లేదు. నాకు తెలిసిందే. అయినా చేతికి వచ్చింది కాబట్టి రాస్తాను. ఏప్రిల్ ఒకటిన చేపల బూర ఊదుకుంటూ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి అరుచుకుంటూ నడిచాను, మా లీజెల్‌ని టీవీలో వార్తలు చదవడానికి ఎంచుకున్నారు, సాయంత్రం ఏడింటికి చూడండహో అని. నలభై మంది వచ్చారు. గలీమా ఆంటీ రెండు పళ్ళేల నిండా కూసిస్టర్లు పాకంలో ముంచి, కొబ్బరి అద్ది తెచ్చింది. ఇగ్‌షాన్ అన్న పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకొచ్చాడు. లీజెల్ బడి నుంచి వచ్చేసరికి గేటు నిండా జనం. ఒక్కొక్కరికీ, ఒక్కొక్కరికీ, "కాదు ఆంటీ, మా నాన్న తమాషా చేశాడు, కాదు అంకుల్" అని చెప్పి పంపింది. నేను వంటింటి తలుపు వెనక నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వుతున్నాను.

అందరూ వెళ్ళాక బట్టలు సర్దుకుంది. "నోటికొచ్చింది నువ్వంటావు నాన్నా. మోయాల్సింది నేను" అంది.

అది మంచి తమాషానే. జనానికి నవ్వడం రాలేదు.

ఆగస్టు 3, ఆదివారం

ఇగ్‌షాన్ అన్న వచ్చి కారు చూశాడు. ముప్పై ఏళ్ళు బస్సుల డిపోలో రేకుపని చేసిన చెయ్యి. స్క్రూడ్రైవర్ పిడితో ఒళ్ళంతా కొట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ, డాక్టరులా చుట్టూ తిరిగాడు. టంగ్ అంటే మంచి రేకు. తుస్ అంటే తుప్పు. డ్రైవరు సీటు కింద కొడితే పిడి కిందికి దిగిపోయి నేలని తాకింది.

"ఇది కారు కాదురా. జల్లెడ."

"నీ నెత్తిమీద జుట్టుకంటే దీనికి రేకే ఎక్కువుంది అన్నా."

"పిల్ల నిజంగానే ఫోన్ చేసిందా?"

"మధ్యాహ్నం పన్నెండింటికి. నవ్వుతూ మాట్లాడింది కూడా."

అన్న కాసేపు నా మొహం చూశాడు. "సరే. నీకోసం మాత్రం కాదు. ఆ పిల్ల మా ఇంట్లో దోగాడింది."

గలీమా ఆంటీ ఆదివారం కూసిస్టర్లు ఇవాళ కూడా నాకు పంపలేదు. ఏప్రిల్ నుంచీ పంపడం లేదు. లెక్కపెట్టడం లేదనుకోండి.

ఆగస్టు 9, శనివారం

ఇగ్‌షాన్ అన్న తుప్పు పట్టినంత మేరా కోసేశాడు. కారులో కూర్చుని కాళ్ళ మధ్యనుంచి చూస్తే మా ఆవరణ, ఒక చీమలబారు కనబడ్డాయి. నా కారు, నా నేల, మధ్యలో ఏమీ లేదు. ఆ కన్నానికి సరిపడా కొత్త రేకు కత్తిరించి, ఒంచి, వెల్డింగ్ పెట్టాడు. నీలం వెలుగు. అది అగ్నీ కాదు, మెరుపూ కాదు. రెండు విడి ముక్కలు కరిగి, ఒకదానిలోకి ఒకటి పోయి, చల్లారాక ఏది పాతదో ఏది కొత్తదో తెలియని ఒకే రేకయి కూర్చున్నాయి. అద్దం లేకుండా చూడొద్దురా అన్నాడు. చూశాను. అలాంటిది చూడకుండా ఎలా ఉండటం?

సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. గలీమా ఆంటీ వచ్చి తిడుతూ రెండు కళ్ళ మీదా బంగాళాదుంప చెక్కలు పెట్టి గుడ్డ కట్టింది. "నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి. సూర్యుణ్ణి చూడొద్దంటే సూర్యుణ్ణే చూసే రకం."

గుడ్డ కింద చీకట్లో కూడా ఆ నీలమే కనిపిస్తోంది.

ఆగస్టు 16, శనివారం

వాన. కారు మీద పట్టా కప్పాను. పట్టా కిందికి దూరి నేనూ కూర్చున్నాను.

ఆగస్టు 23, శనివారం

ఆగస్టుతో మా చలికాలం పోతోంది. ఇవి ఆఖరి జామకాయలు. రంగు కలపాలి. లీజెల్ చెప్పిన రంగే రావాలి, దగ్గరది కాదు.

ఇగ్‌షాన్ అన్న ఎరుపులో తెలుపు పోశాడు, వేలి చివర పసుపు, సూది మొనంత నలుపు. కత్తితో జామపండు రెండుగా కోసి పక్కన పెట్టుకున్నాడు. చూసి కలుపుతాం కదా, చూస్తుండగానే పండు గోధుమరంగుకి తిరిగిపోతుంది. మళ్ళీ కొత్తది కొయ్యాలి. మళ్ళీ కలపాలి. పదకొండు పళ్ళు కోశాం. రంగు తప్పిన పండునల్లా నేను తినేశాను. దేవుడు ఈ రంగుని పండు లోపల దాచి, కోసినవాడికి రెండు నిమిషాలే చూపిస్తాడు. దాన్ని డబ్బాలో పట్టి ఉంచడానికి మేము ఆదరాబాదరా పడుతున్నాం.

పన్నెండో పండుకి కుదిరింది. పాత డబ్బా మూత ఒకటి తీసుకుని దానిమీద వేసి ఎండలో పెట్టాం. ఆరాక కోసిన పండుని దాని మీద పెడితే పండు అంచు ఎక్కడో కనబడలేదు. ఇగ్‌షాన్ అన్న పండుని తీసి, మళ్ళీ పెట్టి చూశాడు.

గలీమా ఆంటీ వచ్చి ఆ మూతని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇది నాకియ్యి. చక్కెర డబ్బాకి సరిపోతుంది."

"పెయింటు వాసనకి చక్కెర పాడవుతుంది ఆంటీ."

"నువ్వు నోరు మూసుకుంటే డబ్బా దానంతటదే మూసుకుంటుంది. ఇయ్యి."

ఇచ్చాను.

సెప్టెంబరు 6, శనివారం

ఉపవాస నెల. ఇగ్‌షాన్ అన్న పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కారు కింద పడుకుని పనిచేశాడు. నేను ఆయనకి కనబడకుండా గోడవారకి పోయి రొట్టె తిన్నాను. "వాసన ఇక్కడిదాకా వస్తోందిరా, పాపం ఎందుకు దాక్కోవడం, ఇక్కడే కూర్చుని తిను" అన్నాడు కారు కిందినుంచి.

కారు కిందికి దిగాలి. ఎత్తుగా నిలబడ్డ చిన్న కారు గుర్రమెక్కిన పిల్లాడిలా ఉంటుంది. నేలకి ఆనీ ఆననట్టు ఉండాలి. ముందు చక్రాల స్ప్రింగులు బయటికి తీసి ఒక్కో చుట్టు కోశాడు. "ఒక్క చుట్టు. అంతకు మించి కోస్తే కారు కాదు, ఇస్త్రీపెట్టె" అని చెప్పి, పొద్దు వాలుతోందని ఇంటికెళ్ళాడు.

ఒక్కో చుట్టు కోశాం.

సెప్టెంబరు 14, ఆదివారం

సైలెన్సరు గొట్టం లావుది వేశాం. వెనక డిక్కీలో స్పీకర్ల పెట్టె. నాలుగు చక్రాలకీ వాడిన అల్లాయి రిమ్ములు, పళ్ళపొడి పెట్టి తోమితే ముఖం కనిపిస్తోంది. అన్న తాళం తిప్పాడు. దగ్గలేదు. ఒక్కసారి గుండెలోంచి ఊపిరి తీసి, అలా నిలబడి గుర్రుమంది. మా వంటింటి కిటికీ అద్దం వణికింది. పిల్లి పరారీ.

ఈ ఇంట్లో ఏప్రిల్ తర్వాత ఇంత పెద్ద గొంతు వినబడటం ఇదే.

సెప్టెంబరు 24, బుధవారం

సెలవు. గాలి లేదు.

ఈ ఊళ్ళో గాలి లేకపోవడం అంటే ఏమిటో లీజెల్ బాణం గుర్తులనడగాలి. తెల్లవారే అన్న తలుపు కొట్టాడు. "లేవరా. ఇవాళే."

ఆవరణ నేలంతా పైపుతో తడిపాం, దుమ్ము లేవకుండా. గలీమా ఆంటీ వీధి మధ్యలో కుర్చీ వేసుకుని పోలీసులా కూర్చుంది. "ఎవరూ చాపలు దులపకండి! ఊడవకండి! ఫీలాండర్ కారుకి రంగు! ఒరేయ్, నీ బండి కాసేపు తోసుకుంటూ పో, పొగ రానియ్యకు!" జనం ఆగారు. ఊడవడం మానేశారు. ఎందుకు మానేశారో నాకు అర్థం కాలేదు. ఏప్రిల్‌లో నేను వీళ్ళందరినీ కుర్చీలు మోయించి, ముస్తాబు చేయించి, చీకట్లో ఇళ్ళకి పంపినవాణ్ణి.

అన్న స్ప్రే గన్ పట్టుకున్నాడు. నాలిక తడారిపోయి మాట్లాడలేడు, చేత్తో సైగ చేస్తున్నాడు. మొదటి చేయి పడ్డప్పుడు బూడిదరంగు అడుగుపూత మీద ఏదో పొగమంచు పట్టినట్టుంది. రెండో చేయికి సిగ్గుపడ్డట్టయింది. మూడో చేయికి కారు పండింది.

వేరే మాట లేదు. పండింది.

అంతమంది గోడలెక్కి చూస్తున్నారు. ఒక ఈగ వచ్చి బానెట్ మీద వాలింది. నేను చెయ్యెత్తాను. అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. వదిలేయమని తలూపాడు. తడి మీద చెయ్యి పెడితే మచ్చ. ఈగనైతే ఆరాక గరుకు కాగితంతో రుద్ది తీసేయొచ్చు. అందరం ఆ ఈగనే చూస్తూ నిలబడ్డాం. అది ఎటూ కదల్లేక రెండు రెక్కలూ విదిలించి ఆగిపోయింది. ఇంత రంగులో అంటుకున్న ప్రాణి దానికి ముందు పుట్టి ఉండదు.

సెప్టెంబరు 28, ఆదివారం

లీజెల్ ఫోన్ చేయలేదు. చెప్పాల్సింది జూలైలోనే చెప్పేసింది గదా. మళ్ళీ ఎందుకు చేస్తుంది?

అక్టోబరు 1, బుధవారం

పండగ. ఇగ్‌షాన్ అన్న కొత్త టోపీ పెట్టుకుని వచ్చి నన్ను కావలించుకున్నాడు, తర్వాత కారుని. గలీమా ఆంటీ పళ్ళెంలో మిఠాయిలు పెట్టి ఇచ్చింది. ఆవిడ చెల్లెలు స్ట్రాండ్‌ఫాంటేన్‌లో షరీన్ వాళ్ళకి రెండు ఇళ్ళవతల ఉంటుంది.

"క్లిఫర్డ్ పెద్ద నల్ల కారుని తోమీ తోమీ అద్దం చేశాడట" అంది.

"చేసుకోనీ."

"బాల్ రోజుకే అంటున్నారు."

"లీజెల్ నాతో వస్తుంది ఆంటీ. ఫోన్‌లో చెప్పింది."

ఆవిడ నా చేతిలోని పళ్ళెంలో మిఠాయిలు అటూ ఇటూ సర్దింది. మాట మార్చాలని, "మూత చక్కెర డబ్బాకి సరిపోయిందా?" అన్నాను.

"సరిగ్గా" అంది. నవ్వింది.

అక్టోబరు 5, ఆదివారం

రోడ్డెక్కించాను. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఉంది. ముందు చక్రాలు దిగాయి, కడుపు దానిమీద గీసుకుంటూ కర్రర్ అంది. ఆ శబ్దం నా పళ్ళలో పుట్టింది.

అన్న పరుగెత్తుకొచ్చి కింద చూశాడు. "ఎన్ని చుట్లు కోశావురా?"

"ఒకటే గదా అన్నా. నువ్వే గదా."

"నేను కోసింది ఒకటి. నువ్వు?"

"సగం. రెండు వైపులా సమంగానే." పొద్దువాలాక, ఆయన ఉపవాసం విరమిస్తుంటే, నేను రంపం తీసుకున్నాను. ఇంకాస్త కిందుంటే ఇంకాస్త బాగుంటుంది అనిపించింది. మీసం కత్తిరించేవాడికి ఇలాగే అనిపిస్తుంది.

"ఈ గుట్ట కట్టమని ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించింది ఎవడు?"

నేనే. పదేళ్ళ కిందట. అప్పుడు నాకు కారు లేదు, కార్లున్నవాళ్ళ మీద కోపం ఉండేది.

కొత్త స్ప్రింగులు దొరికేసరికి బాల్ అయిపోతుంది. ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కిస్తే ఒక్కడికి దాటుతుంది. రోడ్డు మీదే నేర్చుకున్నాను. ఇద్దరితో దాటదు. ఫర్వాలేదు. స్ట్రాండ్‌ఫాంటేన్ నుంచి హాలుకి వెళ్ళే దారిలో మా వీధి రాదు.

అక్టోబరు 9, గురువారం

రేపు. నిమ్మకాయతో చేతులు మూడుసార్లు రుద్దుకున్నాను. చేపలు అక్కడే ఉన్నాయి.

అక్టోబరు 11, శనివారం, ఉదయం

నిన్న నాలుగున్నరకి వాళ్ళ వీధి తిరిగాను. పాటలు పెట్టలేదు. కిటికీలు దించలేదు. కాలు యాక్సిలరేటర్ మీద ఉందో లేదో తెలియలేదు.

ఫుట్‌పాత్ మీద కుర్చీలు వేసుకుని జనం. గుమ్మం నుంచి గేటు దాకా ఎర్ర తివాచీ. క్లిఫర్డ్ టై కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అద్దం చేశాడన్న నల్ల కారు ఎక్కడా లేదు. గరాజ్ తలుపు వేసి ఉంది. దానికి తాళం కూడా వేసి ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఆలస్యం చేశావు మెర్విన్ అన్నా" అన్నాడు, నేను వస్తానని ముందే తెలిసినట్టు.

"గాలి" అన్నాను. ఆకు కదలడం లేదు.

తలుపు తెరుచుకుంది. ముందు షరీన్ వచ్చింది, పక్కకి తప్పుకుంది. వెనక లీజెల్.

జామపండు రంగు గౌను. లోపలి రంగు.

నేను కారు కప్పు పట్టుకున్నాను. పట్టుకోకపోతే పడేవాణ్ణి. తనే గదా ఫోన్‌లో చెప్పింది, ఇందులో ఇంత విడ్డూరం ఏముంది అని ఎవరైనా అడగొచ్చు. అడగండి. నేను ఆ కప్పు పట్టుకునే ఉన్నాను. ఆ పిల్ల తివాచీ మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి కారు పక్కన నిలబడింది. గౌను అంచు ఎక్కడ ఆగిందో, కారు తలుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. వీధిలో అందరూ ఒక్కసారి ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు నాకు వినబడింది. ఒక్క చోట, ఒక్క పిల్ల భుజాల నుంచి నా బానెట్ దాకా, పన్నెండో జామపండు.

"తలుపు తియ్యవా నాన్నా? లేక నేను డిక్కీలో కూర్చోవాలా?"

తీశాను. ఆరు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఇంతకంటే మంచిమాట నేనే కల్పించి ఉండలేను.

మలుపు దాటాక, "మన వీధి మీదుగా పద" అంది.

"హాలుకి ఆలస్యమవుతుందమ్మా."

"ఆరింటికి. ఇప్పుడు ఐదు కూడా కాలేదు."

"వీధిలో స్పీడ్ బ్రేకర్ ఉంది."

"తెలుసు. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. పెన్సిల్‌తో. ఏడేళ్ళు నాకు."

ఇంకేం చెప్పను. ఏటవాలుగా ఎక్కించాను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. ముందు చక్రాలు దిగాయి. కడుపు కూర్చుంది. చక్రాలు గాలిలో తిరిగాయి. కారు త్రాసు పళ్ళెంలా ఊగి ఆగిపోయింది.

"ఎన్ని చుట్లు కోశావు?" అంది లీజెల్.

ఈ ఊళ్ళో ఆడపిల్లలకి కూడా ఈ ప్రశ్నే వస్తుంది.

వీధిలో పురుగు లేదు. శుక్రవారం సాయంత్రం, అందరూ లోపలున్నారు. లీజెల్ సీటు కింద తడిమి చేపల బూర బయటికి లాగింది. నేను వద్దనేలోపు కిటికీ దించి ఊదింది. ఏప్రిల్ ఒకటి తర్వాత ఆ బూరని నేను చేపలకి తప్ప ఊదలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. బేసిన్లు, పళ్ళేలు, కత్తులు పట్టుకుని వచ్చారు. "స్నూక్ ఎలా ఇస్తున్నార్రా?" అంటూ ముందు గలీమా ఆంటీ. సగం దూరంలో ఆగిపోయింది. వెనకాల అందరూ ఆగిపోయారు. ఏప్రిల్‌లో మా గేటు దగ్గర నిలబడ్డవాళ్ళే. అవే మొహాలు. నేను స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

లీజెల్ కిటికీలోంచి తల బయట పెట్టింది. "చేపల్లేవు ఆంటీ. నేనే ఉన్నాను."

గలీమా ఆంటీ బేసిన్ కింద పడేసి రెండు చేతులూ చెంపలకి పెట్టుకుంది. "ఓరి దేవుడా, ఇంతకంటే మంచి చేప ఏ రేవులో పడుతుంది!" అని, వెంటనే గొంతు మార్చి, "దిగకు! దిగావంటే చంపేస్తాను! ఆ గౌను తారురోడ్డుకి తగిలితే నా చెల్లెలు ఊరుకోదు! ఒరేయ్ మగాళ్ళూ, చూస్తారేం, చేతులెయ్యండి! మెర్విన్, నువ్వు దిగు, నీ బరువు మాకెందుకు!"

దిగాను. పదమూడు మంది. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, వెనక ముగ్గురు. ఇగ్‌షాన్ అన్న చొక్కా చేతులు మడిచి, "రేకు పట్టుకోకండి, వంగుతుంది. కింద పట్టుకోండి. నేను చెప్పాక... ఇప్పుడు!"

లేచింది. లీజెల్‌తో సహా లేచింది. పల్లకీ లేచినట్టు లేచి, స్పీడ్ బ్రేకర్ మీద గాలిలో నాలుగడుగులు నడిచి, అవతల దిగింది. లోపల లీజెల్ పగలబడి నవ్వుతోంది, ఒక చేత్తో జుట్టు పట్టుకుని, ఒక చేత్తో బూర. నేను కూడా వెనక చెయ్యి వేశాను. బరువు తెలియలేదు. అసలు మోస్తున్నట్టే లేదు. అంతమంది చేతుల మధ్య నా చెయ్యి ఉందో లేదో కూడా తెలియలేదు.

కారుని నేను కొన్నానని రాసుకున్నాను గదా ముందు. కొట్టేయాలి.

హాలు దగ్గర తోడు వచ్చే కుర్రాడు నిలబడ్డాడు. వాడి టై కూడా అదే రంగు. ఎంత ముందునుంచి అనుకుని ఉండాలి ఇదంతా.

అక్టోబరు 12, ఆదివారం

పొద్దున్నే గలీమా ఆంటీ కూసిస్టర్లు పంపింది. ఆరు. కొబ్బరి ఎక్కువే వేసింది. తింటూ రాస్తున్నాను, పేజీకి పాకం అంటుకుంటోంది.

హాలు దగ్గర దిగేముందు లీజెల్ చేతిసంచీలోంచి రుమాలు మూట తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇది గలీమా ఆంటీకిచ్చెయ్యి నాన్నా. చక్కెరకి చీమలు పడతాయి" అని దిగి వెళ్ళిపోయింది. అంతే అంది. అంతకు మించి అడగలేదు, నేనూ చెప్పలేదు.

విప్పి చూస్తే మా డబ్బా మూత. అంచున ఒకచోట గులాబీ దారం ముక్క అంటుకుని ఉంది. కుట్టే ఆవిడ, ఆంటీ చెల్లెలే అయి ఉంటుంది, గుడ్డని దాని పక్కన పెట్టి చూసి ఉంటుంది, మేము పండుని పెట్టి చూసినట్టు.

ఇంక రాయక తప్పదు. పుస్తకం తనది. తన పుస్తకంలో ఆ ముక్క అలా ఉండకూడదు.

జూలై ఇరవై ఏడున రేవులో నా ఫోన్ మోగలేదు. తొమ్మిదింటికీ మోగలేదు, పన్నెండింటికీ మోగలేదు. లీజెల్ నవ్వలేదు. కారులో తీసుకెళ్ళమని అడగలేదు. ఆ సాయంత్రం గేటు దగ్గర గలీమా ఆంటీ, "పిల్ల కబురేమైనా తెలిసిందేంట్రా" అని అడిగింది. లేదు అనే మాట నోట్లోంచి రాలేదు. నా చేతిలో అప్పుడు ఒక జామపండు ఉంది, సగం కొరికింది. దానివైపు చూస్తూ చెప్పాను.

జామపండు రంగు గౌను అనేది ఎక్కడా లేదు. నేను చెప్పేదాకా.